రోటరీ వాల్వా, పిస్టన్ వాల్వా: తేడా వాల్వులోనే ఉందంటారా?

#1 మూడోవేలు
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా పిస్టన్ ట్రంపెటే వాయిస్తున్నాను. ఈసారి మా ఆర్కెస్ట్రాలో బ్రూక్నర్ ఏడో సింఫనీ ఎత్తుకున్నారు. ట్రంపెట్లు రోటరీవైతే బాగుంటుందని కండక్టరు గారి కోరిక. అరువుకి ఒకటి దొరికింది.

నిన్న అరగంట ఊదాను. వాద్యాన్ని పక్కకి తిప్పి పట్టుకోవాలి, వేళ్ల కింద గుండీలకు బదులు లివర్లు. నాదం గుండ్రంగా, నిండుగా ఉంది. కానీ పై స్వరాలు జారిపోతున్నాయి. నా పిస్టన్ ట్రంపెట్లో కళ్లు మూసుకుని అందుకునే స్వరం ఇందులో పక్క స్వరంలోకి దొర్లుతోంది. కట్టి కలిపే చోట, అంటే స్లర్‌లో, 'టక్' మని తెగినట్టు వినిపిస్తోంది.

ఇదంతా వాల్వు వల్లేనా? నా పెదాల వల్లా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 ఇత్తడిపిచ్చి
ఇందులో తెలియడానికేముంది? రోటరీ అంటే మెత్తన, పిస్టన్ అంటే పదును. వియన్నా, బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌లలో రోటరీ ట్రంపెట్లు, జాజ్‌లో పిస్టన్లు. వింటే తెలియట్లేదూ?

#3 పనిముట్లపెట్టె
వింటే తెలిసేది వాద్యం సంగతి. వాల్వు సంగతి విప్పితే గానీ తెలియదు. నేను రోజూ విప్పుతుంటాను కాబట్టి లోపలేముందో చెప్తాను.

రెండూ చేసే పని ఒక్కటే. నొక్కగానే గాలిని ఒక అదనపు గొట్టంలోకి మళ్లించి మళ్లీ అసలు దారిలోకి తెస్తాయి. రెండో వాల్వు అరస్వరం దించుతుంది, ఒకటోది పూర్తి స్వరం, మూడోది స్వరంన్నర.

పిస్టన్ ఒక స్తంభం. దానికి అడ్డంగా మూడు సొరంగాలుంటాయి. పైన ఉన్నప్పుడు ఒకటి పనిచేస్తుంది. నొక్కితే అది తప్పుకుని మిగతా రెండూ దారిలోకి వస్తాయి: ఒకటి గాలిని స్లైడ్‌లోకి, అంటే ఆ అదనపు గొట్టంలోకి పంపుతుంది, రెండోది వెనక్కి తెస్తుంది. ఇన్ని దారులు ఒకే స్తంభంలో ఇరకాలి కాబట్టి సొరంగాల గోడలు ఒకదాంట్లోకి ఒకటి కొంచెం ఉబ్బుతాయి. పిస్టన్ బయటికి తీసి రంధ్రంలోంచి వెలుతురు వైపు చూడండి, ఆ ఉబ్బు కనిపిస్తుంది.

రోటర్‌లో సొరంగాలు రెండే. కేసింగ్‌కి, అంటే దాని చుట్టూ ఉండే గూడుకి, నాలుగు నోళ్లు. లివర్ నొక్కితే రోటర్ పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిరుగుతుంది, నోళ్ల జతలు మారతాయి. పిస్టన్‌లో మీ వేలు నేరుగా వాల్వునే తోస్తుంది, స్ప్రింగ్ తిరిగి లేపుతుంది. రోటరీలో వేలికీ రోటర్‌కీ మధ్య లివరు, దారమో చిన్న లోహపు కీలో, ఆపే చెయ్యి, దానికింద రెండు బంపర్లు, ఇంత సంసారం ఉంటుంది. మీరు విన్న 'టక్'లో కొంత ఆ బంపర్లదే అయ్యుండొచ్చు. అవి రబ్బరో కార్కో. గట్టిపడిపోతే చప్పుడు చేస్తాయి.

#4 ఎడమచెయ్యి
ఫ్రెంచ్ హార్న్ వాయించేవాణ్ని. మాకీ గొడవే లేదు, మా వాద్యాలు దాదాపు అన్నీ రోటరీవే, అదీ ఎడమచేత్తో. మీ ఏడో సింఫనీలో నాలుగు వాగ్నర్ ట్యూబాలుంటాయి కదా, అవి కూడా హార్న్ వాళ్లం ఎడమచేత్తోనే వాయిస్తాం.

అలాగని హార్న్‌కి ఇంకో వాల్వు పనికిరాదని కాదు. ఫ్రాన్స్‌లో చాలాకాలం పిస్టన్ హార్న్‌లే వాయించారు. ఇంగ్లండ్‌లోనూ అంతే. అక్కడి హార్న్ వాద్యకారుడు డెన్నిస్ బ్రెయిన్ 1951 దాకా వాయించింది పాతకాలపు ఫ్రెంచ్ పిస్టన్ హార్నే, ఆ తర్వాతే జర్మన్ రోటరీకి మారాడు. వియన్నాలో ఇప్పటికీ మూడో రకం ఉంది. ఒక్కో వాల్వుకి రెండేసి సన్నని పిస్టన్లు జంటగా కదులుతాయి, పొడుగాటి కడ్డీలతో. ఉల్‌మాన్ 1830లో పేటెంటు తీసుకున్నది. స్లర్‌లు అందులో నీళ్లు ఒలికినట్టుంటాయి. ఒకసారి ఊదే అవకాశం వచ్చింది, పదిహేను నిమిషాల్లో రెండు స్వరాలు కూడా శుభ్రంగా పట్టలేకపోయాను. ఆడలేక మద్దెల ఓడన్నారని అనుకోకండి, అది సింగిల్ ఎఫ్ హార్న్ (ఎఫ్ శ్రుతి గొట్టం ఒక్కటే ఉన్నది), పైన స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చునుంటాయి.

#5 గాలిగొట్టం
ఇత్తడిపిచ్చి గారు "రోటరీ అంటే మెత్తన" అనేశారు. ఇదే మాట పాతికేళ్లుగా వింటున్నాను. ఒప్పుకోను.

రోటరీ ట్రంపెట్టూ పిస్టన్ ట్రంపెట్టూ పక్కపక్కన పెట్టి వాల్వులు కాకుండా మిగతాది చూడండి. రోటరీ దాంట్లో వాల్వులు మౌత్‌పీస్‌కి బాగా దగ్గరగా ఉంటాయి. అంటే లీడ్‌పైప్ (మౌత్‌పీస్ నుంచి వాల్వుల వైపు వెళ్లే గొట్టం) పొట్టి. వాల్వులు దాటాక బెల్ వైపు మిగిలే పొడవు ఎక్కువ, అది నెమ్మదిగా వెడల్పవుతూ పోతుంది. బెల్ నోరు పెద్దది, రేకు సాధారణంగా పల్చన. వాల్వుల దగ్గర బోర్ (గొట్టం లోపలి వ్యాసం) మాత్రం తరచు ఇరుకు, 11 మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఎక్కువమంది వాయించే బాక్ 37 పిస్టన్ ట్రంపెట్ బోర్ 11.66. గొట్టం ఎక్కడ ఇరుకు, ఎక్కడి నుంచి వెడల్పు అన్నదే నాదాన్ని నిర్ణయిస్తుంది. ఇన్ని మార్చి, నింద ఒక్క వాల్వు మీద వేస్తే ఎలా?

"రోటరీలో గాలి సాఫీగా పోతుంది, పిస్టన్‌లో వంకరలు తిరుగుతుంది" అని ఇంకో మాట వస్తుంది, ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఊదే గాలి వేరు, గొట్టంలో నిలబడే తరంగం వేరు. 1000 హెర్ట్జ్ స్వరానికి తరంగం పొడవు దాదాపు 34 సెంటీమీటర్లు. ట్రంపెట్‌లో మామూలుగా వాయించే స్వరాలకి ఇంకా పొడవు. దాని ముందు పిస్టన్‌లోని ఉబ్బు ఎంత? అస్సలు ప్రభావం లేదనను. కానీ అది 'మెత్తన, పదును' అనేంత తేడా తెస్తుందంటే నమ్మను.

మూడోవేలు గారికి పై స్వరాలు జారడానికి కూడా కారణం ఇదే అనుకుంటున్నాను. ఆ గొట్టం తీరుకి పై స్వరాలు నిలిచే గుంటలు కాస్త లోతు తక్కువ. అందుకే చాలా రోటరీ ట్రంపెట్లకి చిన్న చిన్న మీటల్లాంటి కీలు పెడతారు. నొక్కితే గొట్టంలో ఒక చిన్న రంధ్రం తెరుచుకుని పై ఏ, బీ, సీ స్వరాలు నిలకడగా వస్తాయి. మీ దానికి ఉన్నాయేమో చూడండి.

#6 మూడోవేలు
గాలిగొట్టం గారూ, ఉంది! ఎడమచేతి దగ్గర చిన్న కీ ఒకటి. నీళ్లు వంపుకునేదనుకుని దాన్నే తెరిచి విదిలిస్తున్నాను రెండు రోజులుగా. ఒక్క చుక్క రాలేదు, ఎందుకా అనుకున్నాను.

#7 ఎడమచెయ్యి
😂 ఈ వేదిక మొత్తం మీద ఈ నెల ఉత్తమ పోస్టు ఇదే.

#8 సగంనొక్కు
అందరూ సింఫనీల్లోనే తిరుగుతున్నారు, మా జాజ్ వైపు కూడా ఓ మాట. వాల్వుని పూర్తిగా నొక్కకుండా సగంలో ఆపితే రెండు దారులూ కొంచెం కొంచెం తెరుచుకుంటాయి. స్వరం గొంతు నొక్కినట్టవుతుంది, ఆ స్థితిలో పెదాలతో కింది నుంచి పైకి జారొచ్చు. 1930లలో ఎల్లింగ్టన్ బృందంలో రెక్స్ స్టువార్ట్ కార్నెట్ (ట్రంపెట్‌కి దగ్గరి చుట్టం) మీద దీన్నో కళ చేశాడు. ఏడుపు, గొణుగుడు, మూలుగు, అన్నీ సగం నొక్కులే.

పిస్టన్‌లో ఇది సుఖం. వేలు నేరుగా వాల్వు మీద ఉంటుంది, ఎంత దిగిందో వేలికే తెలుస్తుంది. రోటరీలో కూడా కుదురుతుంది గానీ, లివర్ కొద్దిగా కదిలితే రోటర్ చాలా తిరిగేస్తుంది, ఆ సన్నని నడిమి చోటు దొరకదు. కాబట్టి గాలిగొట్టం గారూ, నాదం సంగతి మీరన్నట్టే కావచ్చు. కానీ వాల్వు వేలికి ఏమి చేయనిస్తుందన్నది వాల్వు సంగతే.

#9 గాలిగొట్టం
అది ఒప్పుకుంటాను. నాదం గొట్టానిది, నడక వాల్వుది. ఇలా చెప్పుంటే పోయేది.

#10 అడుగుస్వరం
ట్యూబా మనిషిని. ఆలస్యంగా వచ్చాను, పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

ఈ చర్చ అసలు రుచి మా దగ్గరే. ట్రంపెట్లలో రోటరీదీ పిస్టన్‌దీ వేర్వేరు ఇళ్లు. ట్యూబాల్లో రెండూ ఒకే ఇంట్లో కాపురం. 1835లో వీప్రెష్ట్, మోరిట్జ్ చేసిన మొదటి బాస్ ట్యూబాకి ఐదు వాల్వులు, అవి రోటరీ కాదు, లావుగా పొట్టిగా ఉండే బెర్లిన్ పిస్టన్లు. రీడ్ల్ వియన్నాలో రోటరీకి పేటెంటు తీసుకున్నదీ ఆ ఏడే. ఇప్పుడు అందరూ వాయించే సన్నటి పిస్టన్ పారిస్‌లో పెరినే చేసింది, అది 1830ల చివర. వాల్వు అనేదే ప్రష్యాలో ష్టోల్జెల్, బ్లూమెల్‌ల పేర 1818లో పేటెంటైంది కదా, అంటే దాదాపు ఇరవై ఏళ్లలోనే ఇన్ని రకాలు. ఆ ఇరవై ఏళ్ల హడావుడి తర్వాత ఇప్పటిదాకా మనం వాటికి మెరుగులు దిద్దుతూనే ఉన్నాం.

షికాగోలో ఆర్నాల్డ్ జేకబ్స్ వాయించిన యార్క్ ట్యూబా చూడండి. నాలుగు పిస్టన్లు, ఐదోది రోటరీ. తర్వాత ఎందరో తయారీదార్లు దాన్ని చూసి చేసుకున్న వాద్యం అది. ఆ మేటి వాద్యంలోనే రెండూ ఉన్నాయి, దాన్ని ఏ పక్షాన వేస్తారు?

వేగం గురించి ఎవరూ ఎత్తలేదు. బోర్ పెరిగితే పిస్టన్‌లో సొరంగాలు లావవుతాయి, కాబట్టి పిస్టన్ దిగాల్సిన దూరం కూడా పెరుగుతుంది. పెద్ద ట్యూబాలో అది వేలికి బాగానే తెలుస్తుంది. రోటర్ ఎంత పెద్దదైనా తిరగాల్సింది పావు చుట్టే, లివర్ కదిలే దూరం తయారీదారు చేతిలో ఉంటుంది. మావాళ్లలో రోటరీ అభిమానులు చెప్పే పెద్ద కారణం ఇదే. కానీ రోటర్ బరువు పెరిగితే దాన్ని కదిలించి మళ్లీ ఆపాలి కదా! గట్టి స్ప్రింగ్ కావాలి, అప్పుడు వేలికి బరువు. ఏదీ ఊరికే రాదు.

ఇక శ్రుతి. ఇది మాత్రం ఏ వాల్వైనా తప్పించుకోలేని లెక్క. అరస్వరం దించాలంటే గొట్టం దాదాపు 5.95 శాతం పెంచాలి. పూర్తి స్వరానికి 12.25, స్వరంన్నరకి 18.92. ఒకటి, మూడు కలిపి నొక్కితే 31.17 శాతం కలుస్తుంది. కానీ రెండున్నర స్వరాలు దిగాలంటే కావాల్సింది 33.48. గొట్టం చాలదు, స్వరం దాదాపు 30 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ పలుకుతుంది. మూడూ నొక్కితే ఎక్కువ 53 సెంట్ల పైచిలుకు, అంటే పావుస్వరం దాటింది. ట్రంపెట్‌లో ఒకటీ మూడుకి తక్కువైన గొట్టం మూడున్నర సెంటీమీటర్లు, మూడో వేలి రింగుతో స్లైడ్ తోస్తే సరిపోతుంది. అయిదున్నర మీటర్ల బీ-ఫ్లాట్ ట్యూబాలో అదే తేడా 12 సెంటీమీటర్లు దాటుతుంది.

అందుకే నాలుగో వాల్వు, ఐదో వాల్వు, ఒక చెయ్యి ఎప్పుడూ స్లైడ్ మీద. ఇక్కడ మాత్రం పిస్టన్‌కి ఒక సొంత విద్య ఉంది. 1874లో బ్లేక్లీ కనిపెట్టిన పద్ధతిలో, నాలుగోది నొక్కినప్పుడు గాలి మిగతా పిస్టన్లలోంచి రెండోసారి వెళ్తూ చిన్న చిన్న అదనపు గొట్టాలని కలుపుకుంటుంది. చిన్న ట్యూబా లాంటి యుఫోనియం వాయించేవాళ్లకి ఇది ప్రాణం. అంతకుముందు 1852లో అడాల్ఫ్ సాక్స్ ఇంకా మొండిగా వెళ్లాడు: కూడికలే వద్దని ఆరు పిస్టన్లు పెట్టి, ఒక్కో స్థాయికి ఒక్కో పూర్తి గొట్టం ఇచ్చాడు. లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. మోసేవాళ్లే కుదరలేదు.

#11 ఇత్తడిపిచ్చి
అడుగుస్వరం అన్నా, ఇంత రాశారు, చివరికి మీ దగ్గరున్నదేంటి?

#12 అడుగుస్వరం
రెండూ. ఎఫ్ ట్యూబా రోటరీ, సీ ట్యూబా పిస్టన్. పక్షం అడగొద్దు.

#13 కొత్తగావచ్చా
నేనూ అడగొచ్చా? నాలుగు నెలలైంది ట్రంపెట్ మొదలుపెట్టి, పిస్టన్‌దే. నిన్న కడిగి మళ్లీ పెట్టాక అస్సలు ఊదబడట్లేదు. గోడలోకి ఊదినట్టుంది. వాల్వు పాడైందా?

#14 పనిముట్లపెట్టె
పాడవలేదు తల్లీ. రెండు పిస్టన్లు తారుమారు చేసుంటావు, లేదా ఒకటి తిప్పి పెట్టుంటావు. పిస్టన్ మీద 1, 2, 3 అని చెక్కి ఉంటుంది, చూసి ఆ అంకెల వరసలో పెట్టు. పక్కన చిన్న ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది, అది గాడిలో పడేదాకా మెల్లగా తిప్పు. 'క్లిక్' మనగానే ఆపు. పైమూత బిగించాక తిప్పి చూడు, పిస్టన్ తిరగకూడదు. అంతే.

#15 కొత్తగావచ్చా
వచ్చేసింది! రెండోదీ మూడోదీ మారిపోయాయి. థాంక్యూ సార్.

#16 పనిముట్లపెట్టె
ఈ ప్రశ్న వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, నాకు ఇది పెద్ద తేడా. పిస్టన్ వాద్యం దాచుకోదు. మూత విప్పు, లాగు, తుడువు, పల్చటి ఆయిల్ నాలుగు చుక్కలు వెయ్యి, పెట్టు. రెండు నిమిషాలు. బదులుగా అది ప్రతిరోజూ పలకరింపు అడుగుతుంది. స్తంభానికీ కేసింగ్‌కీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, వేలి వెడల్పంత దూరం పైకీ కిందికీ రాసుకుంటూ తిరుగుతుంది. చిన్న ఇసుక రేణువు పడినా, కేసింగ్‌కి బయట చిన్న సొట్ట పడినా పట్టేస్తుంది.

రోటర్ ఇల్లు మూసుకునుంటుంది. మురికి తక్కువ, నెలల తరబడి మొరాయించదు. అందుకే చాలామంది పట్టించుకోరు. ఆయిల్ రెండు చోట్ల కావాలి, అదీ రెండు రకాలు: రోటర్ మీదికి పల్చటిది, స్లైడ్ తీసి గొట్టంలోంచి. రెండు చివర్లా బేరింగ్‌కీ, లివర్ కీళ్లకీ కాస్త చిక్కటిది. వెనక మూత విప్పితే మధ్యలో కనిపించేది బేరింగే, అక్కడొక చుక్క. అది ఎండిపోయి అరిగితే రోటర్ కడకడలాడుతుంది, గాలి కారుతుంది.

ఇంకోటి. స్లైడ్ లాగేటప్పుడు ఆ వాల్వు నొక్కి లాగండి. నొక్కకుండా లాగితే లోపల గాలి చిక్కి 'ఠప్' మంటుంది. వాల్వు బిగువుగా ఉందో లేదో చూడటానికి మేమదే కావాలని చేస్తాం, ఠప్ మంటే మంచిదే. అలవాటుగా మాత్రం వద్దు.

రోటర్‌ని ఇంట్లో విప్పొద్దు. పైన స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేసి, మెత్తటి సుత్తితో దాని తల మీద తట్టి రోటర్‌ని వెనక పళ్లెంతో సహా దించాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు పళ్లెం మీద గీత కేసింగ్ మీద గీతతో కలవాలి. వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా పట్టేస్తుంది. వంటింటి సుత్తితో కొట్టిన రోటర్లు నా బల్ల మీద ఎన్ని చూశానో.

#17 ఎడమచెయ్యి
ఆ సుత్తి మనిషిని నేనే. ఇరవై ఏళ్ల కింద. కచేరీకి రెండు గంటల ముందు. ఇంతకు మించి చెప్పను.

#18 జారుడుకొమ్ము
మరి ట్రాంబోన్‌లో బొటనవేలి వాల్వు సంగతి? మామూలు రోటర్ నొక్కితే ఊపిరి బిగపట్టినట్టు అనిపిస్తుందని కదా థేయర్ శంకువు లాంటి వాల్వు తెచ్చాడు, తర్వాత హాగ్‌మన్ ఇంకోటి. తరంగానికి పట్టింపు లేకపోతే మాకెందుకు తేడా తెలుస్తోంది గాలిగొట్టం గారూ?

#19 గాలిగొట్టం
మంచి ప్రశ్న. పట్టింపు లేదనలేదు, నాదాన్ని మార్చేంత కాదన్నాను. ఊదేవాడికి తెలిసే బిగువు వేరు, ఎదుట కూర్చున్నవాడికి వినిపించేది వేరు. పైగా ఆ వాల్వులు వచ్చినప్పుడు వెనకున్న గొట్టం చుట్టలు కూడా విప్పి వెడల్పు వంపులు చేశారు. మళ్లీ అదే కథ, రెండూ ఒకేసారి మార్చి మెప్పు ఒకదానికే ఇవ్వడం.

#20 జారుడుకొమ్ము
వాల్వు ఒక్కటే మార్పించుకున్నాను నేను, చుట్ట పాతదే. తేడా ఉంది. సరే, "ఊదేవాడికి" అన్నారు కాబట్టి సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి ట్రాంబోన్ విభాగంలో వేరే చర్చ తెరుస్తాను.

#21 మూడోవేలు
పది రోజులైంది, మొదటి రిహార్సల్ అయిపోయింది.

ఒకటి, పై స్వరాలు. ఆ కీ నొక్కితే నిజంగానే నిలబడుతున్నాయి. అది లేకుండా కూడా కొన్ని కుదిరాయి, గాలి తగ్గించాక. పిస్టన్ దాంట్లో తోసినట్టు ఇందులో తోయకూడదు. తోస్తే కసురుకుంటుంది.

రెండు, స్లర్. బంపర్లు చూపించాను, రాయిలా ఉన్నాయన్నారు. మార్చాక లోహపు చప్పుడు పోయింది. అయినా స్వరం మారేచోట ఒక చిన్న మెట్టు మిగిలింది, పిస్టన్‌లో ఉండే జారు ఇందులో లేదు. నెమ్మది భాగంలో అది ఇబ్బందే. వేలు నెమ్మదిగా దించితే మెత్తబడుతుందేమో అని చూశాను, ఇంకా చెడింది. గబుక్కున నొక్కి, గాలి మాత్రం తెగకుండా ఉంచితే బాగుంది.

మూడు, ఇది ఊహించనిది. నలుగురం ఒకే బిగువుతో ఊదితే మా ట్రంపెట్లు హార్న్‌ల మీద పడలేదు, వాటిలో కలిశాయి. గట్టిగా ఊదినప్పుడు కూడా వయొలిన్లు వినిపించాయి. పెద్ద బెల్‌దో, పొట్టి లీడ్‌పైప్‌దో, వాల్వుదో, నాకు తెలియదు. కండక్టరు గారు మొదటిసారి మా వైపు చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఇప్పుడు ఇంకో సమస్య. రెండో లివర్ దారం తెగింది. ఎల్లుండి మళ్లీ రిహార్సల్.

#22 పనిముట్లపెట్టె
కంగారొద్దు, ఇది ఇంట్లో చేసుకోవచ్చు. ముందు పక్క వాల్వు దారం ఎలా చుట్టి ఉందో ఫోటో తీసి ఎదురుగా పెట్టుకోండి. సాగని గట్టి దారం కావాలి, చేపల గాలానికి వాడే అల్లిక దారమైనా పర్లేదు. ఒక కొస గట్టిగా ముడెయ్యండి. లివర్ చేతికి లోపలి రంధ్రంలోంచి తీసి, రోటర్ పైనున్న ఆపుచేతి చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి, మధ్యలో దాని చిన్న స్క్రూని కూడా చుట్టి, మళ్లీ లివర్ కొసన రెండో రంధ్రంలోంచి తీసుకెళ్లి అక్కడి స్క్రూకి చుట్టి బిగించండి. దారం వదులుగా ఉండకూడదు. ఆపుచేతి మీది చిన్న స్క్రూ కాస్త వదిలి, లివర్ ఎత్తు మిగతా రెంటితో సరిచేసి, అప్పుడు బిగించండి. మిగిలిన దారం వెంటనే కోసేయకండి, రెండు రోజులు వాయించాక కోయండి.

#23 మూడోవేలు
కట్టాను. మూడుసార్లు విప్పి కట్టాక కుదిరింది. లివర్ మిగతావాటికంటే ఒక మిల్లీమీటరు ఎత్తుగా నిలబడింది, స్క్రూ వదిలి సరిచేశాను. మొదటిసారి ఎనిమిది అంకె తిరగేసి చుట్టినట్టున్నాను, లివర్ నొక్కితే కిందికి రావడానికి బదులు మొండికేసింది.

తోక మాత్రం ఇంకా వేలాడుతోంది. కోయలేదు.